గుంత పలకదు

"గోడ ముంగట నాలిక కొడితె గోడ పలుకుతది. చెట్టు ముంగట కొడితె చెట్టు పలుకుతది. గుంత పలకదు గద. ఏం పలకలేదంటె తొవ్వ సాఫ్ ఉన్నదనుకొని కాలు పెడ్తది. పెడితె ఏమున్నది ఇగ?"

నేను ఈ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. వానాకాలం నడుమ ఒక పొద్దున, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేస్తూ నా పెనిమిటి బీరయ్యతో అన్నాను. ఆయన తాండూరులో నాపరాయి గనిలో బండలు తీసే పని చేసేవాడు. తలకు రుమాలు చుట్టుకుంటూ వింటున్నాడు. మా ఒక్కగానొక్క బిడ్డ కాశమ్మ వాకిట్లో నిలబడి, ఎప్పటిలాగే నాలుకను అంగిటికి అంటించి విడుస్తోంది. టక్. తల కొంచెం పక్కకు వంచి మళ్లీ టక్. దానికి రెండు కండ్లూ కనపడవు.

"గుంతల సంగతి నాకు చెప్తున్నవా," అన్నాడు ఆయన. "పొద్దంత గుంతలనే ఉంట గదనే."

"నీకు కండ్లున్నయి."

"దానికి చెవులున్నయి. కండ్లున్నదానివి, నువ్వు సూడు, రొట్టె మాడుతున్నది."

ఆయన ఎప్పుడూ అంతే. నేను భయపడి ఒక మాట అంటే దాన్ని నవ్వులాటగా మార్చి నాకే అప్పజెప్పేవాడు. రొట్టె నిజంగానే మాడింది.

మాది గొర్లు కాసే కుటుంబం. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్టల కింద మా మంద ఉండేది. పోలీసు యాక్షన్ జరిగిన యేడు, ఆ గడబిడలో సగం మందను ఎవరో తోలుకుపోయారు. మిగిలినవాటికి రోగం తగిలింది. ఆ చలికాలమే కాశమ్మకు తల్లి పోసింది, ఒళ్లంతా పొక్కులు. అప్పటికి దానికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు, నేను అసలే అనుకోలేదు. బతికింది గాని కండ్లు తెల్లబడిపోయాయి.

టక్కుమనడం దానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గొర్రెపిల్లల్ని మళ్లించేటప్పుడు బీరయ్య నాలుకతో చేసే చప్పుడది. పిల్ల దాన్ని పట్టుకుంది. మొదట ఆట అనుకున్నాం. పోను పోను చూస్తే గుంజకు తాకకుండా తప్పుకుంటోంది, మూసిన తలుపు ముందు తనకు తానే ఆగుతోంది. నేను దిష్టి తీశాను. బీరయ్యకు అందులో వింతేమీ కనబడలేదు.

"గుట్టల్ల మంచు కమ్మితె మేం చేసేది గిదే," అన్నాడు. "హో అని కూతేస్తం. గుట్ట దగ్గరుంటె జల్దినే తిప్పి ఇస్తది. లోయ ఉంటె ఆలస్యం చేస్తది. మందను ఎటు మలపాలెనో గట్లనే తెలుస్తది."

"లోయ పెద్దది. పెద్దదానికి ఆలస్యమన్న ఉంటది. చిన్న గుంతకు ఏముంటది?"

"నీకు లోయతోని గూడ పంచాయితే," అన్నాడు.

మంద లేక, పని కోసం తాండూరు వచ్చాక నా భయం రెండింతలైంది. అక్కడ ఎటు చూసినా గుంతలే. బండలు తీసి వదిలేసినవి, నీళ్లు నిండినవి, కంప మొలిచి కనబడకుండా ఉన్నవి. కాశమ్మకు మాత్రం ఆ ఊరు కలిసొచ్చింది. మేముండే వరుసలో గుడిసెల గోడలు కూడా బండలే, నిలువుగా పాతినవి. "మన్ను గోడ సప్పుడును మింగుతదమ్మా. బండ గట్ల కాదు, ఎంత ఇస్తె గంత మలిపిస్తది," అనేది. సాయంత్రం తండ్రి ఇంటికి రాగానే ఇద్దరికీ ఒకటే ఆట. ఆయన ఏదో ఒకటి చేతపట్టుకుని దాని ఎదుట నిలబడేవాడు.

"ముంగట ఏమున్నదే?"

టక్. "చాట."

"ఇప్పుడు?"

టక్. టక్. "ఏం లేదు. కాదు, ఉన్నది. మెత్తగున్నది. గొంగడి. అండ్ల నువ్వున్నవు."

గొంగడి కప్పుకున్న మనిషి దగ్గర చప్పుడు వచ్చీ రానట్టు వస్తుందట. గనిలో బీరయ్యకు జోడీగా పనిచేసే యోబు మా పక్క వరుసలో ఉండేవాడు. అతను కూడా వచ్చి ఆటలో చేరేవాడు. ఎంత తిప్పలుపడ్డా అతని నాలుక సరిగ్గా పలికేది కాదు. కాశమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. "యోబు మామా, నీది బర్రె బురదల నుంచి కాలు తీసినట్టున్నది."

"మీ నాయినకు ముందుగాల్నే చెప్పిన, పాలియ్యని బర్రెనని," అనేవాడు యోబు.

మా వరుసలో హన్మమ్మ అని ఉండేది. గనిలో కంకర మోసేది, నోరు మంచిది, ఊరుకునేది మాత్రం కాదు. ఆమెనే కాశమ్మకు బల్లి అని పేరు పెట్టింది. మనం ఒక మాట అన్నాక బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని కదా, వేలు మడిచి నేలమీద కొట్టి సత్యం అంటాం. హన్మమ్మ ఏదో ఒకటి అనేది, "ఈసారి పెసర్లు మస్తు పండుతయి" అనో, "మా ఆయన ఇయ్యాల తాగి రాడు" అనో. పక్కనుంచి కాశమ్మ టక్కుమనేది. హన్మమ్మ వేలితో బండ మీద కొట్టి "సత్యం" అనేది. వరుసలో అందరికీ అదొక పరిహాసమైపోయింది. మొగవాళ్లు కూడా అనకుండా ఉండేవారు కాదు.

నాకది నచ్చేది కాదు. మంచి మాట మీద పలికితే మంచిదే. చెడ్డ మాట మీద పలికితే? ఆ మాట కూడా పైకి అంటే, "వదినె, నువ్వుండగ చెడ్డమాటలకు కరువా," అని హన్మమ్మ నవ్వింది.

ఒకసారి మా అన్న అనంతయ్య వికారాబాదు రమ్మని కబురు పెట్టాడు. దవాఖానకు కండ్ల డాక్టరు వచ్చాడు, చూపిద్దామని. డాక్టరు దాని రెప్పలు ఎత్తి చూసి, ఇక చేసేదేమీ లేదన్నాడు. నాకది ముందే తెలుసు. మేం లేచి వస్తుంటే కాశమ్మ వరండాలో టక్ టక్ మంటూ రెండు బల్లల నడుమ నుంచి ఎక్కడా తగలకుండా నడిచింది. డాక్టరు లేచి దాని వెనకాలే వచ్చాడు.

"ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు లేరు సార్. మానుమని ఎంత చెప్పినా మానుతలేదు," అన్నాను నేను.

"మాన్పియ్యకు," అన్నాడు. "గబ్బిలం చేసేది గిదే. సన్నగ అరుస్తది, మన చెవులకు అందనంత సన్నగ. ఆ సప్పుడు పురుగుకు తగిలి తిరిగొస్తది. దాన్ని పట్టుకొని చీకట్ల గూడ పురుగును పట్టుకుంటది. గుడ్డోళ్లకు ముఖం మీద ఏదో తగిలినట్టయి తెలుస్తదని ఎనుకట అనుకునేటోళ్లు. ముఖం కాదు, చెవి. సూడు."

రెండు దూది ఉండలు తెచ్చి దాని చెవుల్లో గట్టిగా పెట్టి, నడవమన్నాడు. నేను వద్దనేలోపే కాశమ్మ నాలుగడుగులు వేసింది. నాలుక కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకుంటూనే పోయి బల్ల అంచుకు మోకాలు తగిలి బొక్కబోర్లా పడింది. డాక్టరు గబగబా లేపి దూది తీసేశాడు, పాపం నొచ్చుకున్నాడు. కాశమ్మ ఏడవలేదు. నాకు మాత్రం ఆ పడడం చాలాకాలం కలలోకి వచ్చింది. చప్పుడు అందకపోతే నా బిడ్డ ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను.

ఇంటికి వచ్చి చెబితే బీరయ్య నవ్వాడు. "హన్మమ్మ బల్లి అంటది, డాక్టరు గబ్బిలం అంటడు. మనింట్ల మనిషి అనేది ఎవరే మరి?"

ఆ మాడిన రొట్టె పొద్దున కూడా ఆయనది నవ్వే. పడమర పక్క మబ్బు సన్నగా గీత పెట్టినట్టు ఉంది. "గొంగడి తీస్కపో, ఆన వస్తది," అన్నాను.

"ఏం రాదు."

వాకిట్లో కాశమ్మ టక్కుమంది. నీళ్లబిందెతో పోతున్న హన్మమ్మ ఆగి, మా గడప బండ మీద వేలితో కొట్టింది. "సత్యం. బల్లి పలికింది గద, ఇగ ఆన ఎట్లొస్తది?"

"ఇన్నవా?" అన్నాడు బీరయ్య నాతో. భుజానికి ఎత్తుకున్న గొంగడిని తీసి కాశమ్మ తలమీద వేశాడు. "ఆనను ఆగుమన్నవు గద, నువ్వే మొయ్యి." అని పోయాడు. గొంగడిలోంచి కాశమ్మ నవ్వుతూనే ఉంది.

మధ్యాహ్నం నేను బువ్వ తీసుకుని, కాశమ్మ నా కొంగు పట్టుకుని గనికి నడుస్తుండగా వాన దంచింది. ఒక చెట్టుకింద నిలబడి, తగ్గాక గనికి పోయేసరికి జనం పరుగెత్తుతున్నారు. కన్నడం మాట్లాడే ఆడవాళ్లు కొందరు తలలు పట్టుకుని కూర్చున్నారు. నేను ఎవరినీ అడగలేదు. అడగకముందే నాకు తెలిసినట్టు అయింది. ఎన్నేళ్లుగానో తెలిసినట్టే అయింది.

గనిలో బండ పొరలు పొరలుగా ఉంటుంది. కింది పొర తీసేస్తే పైది ఇంటిచూరులా ముందుకు నిలబడుతుంది. వాన వచ్చినప్పుడు గొంగడి, గోనెసంచి ఉన్నవాళ్లు అవి కప్పుకుని బయటే కూర్చున్నారు. లేనివాళ్లు ఇద్దరే. ఆ చూరు కిందికి పోయారు. బీరయ్య, యోబు. నానిన మట్టి బరువుకు చూరు కూలింది.

మేస్త్రి అంజిలయ్య ఆ కుప్ప మీద మోకాళ్ల మీద ఉన్నాడు. "అందరు ఊకోన్రి. ఊకుంటెనే వినపడ్తది," అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. అతను రాళ్ల సందుకు నోరు పెట్టి పిలిచాడు. "బీరయ్యా. యోబూ." చెవి పెట్టాడు. మళ్లీ పిలిచాడు. చూరుల నుంచి కారుతున్న నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

నా పక్కన టక్ టక్ మని వినబడుతూనే ఉంది. కాశమ్మకు తెలిసిన చోటు అది, దారి పొడుగునా బండలు ఎక్కడెక్కడ ఉంటాయో అన్నీ తెలుసు. ఇప్పుడు అవేవీ ఉన్నచోట లేవు. అందుకని తల అటూ ఇటూ తిప్పుతూ కొట్టుకుంటోంది. జనానికి ఆ చప్పుడు అలవాటే. ఎవరూ తిరిగి చూడలేదు.

అంజిలయ్య లేచి నిలబడ్డాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు. "ఇగ లోపల పానం లేదు," అన్నాడు.

టక్.

హన్మమ్మ తల వంచుకునే, వేలు మడిచి పక్కనున్న బండ మీద కొట్టింది. ఈసారి నవ్వలేదు. "సత్యం," అంది, తనకే వినబడేంత మెల్లగా. చేయి తనంతట తాను చేసిన పని అది. ఆమెను చూసి ఇంకొకరు కొట్టారు. ఇంకొకరు. మొగవాళ్లు గడ్డపారలు కింద పెట్టారు.

"పై మన్ను ఇంక జారుతనే ఉన్నది," అన్నాడు అంజిలయ్య. "పోయినోళ్ల కోసం ఉన్నోళ్లు ఎందుకు సావాలె? రేపు తడి ఆరినంక తీద్దాం. బండి కట్టుకరాన్రి, వదినెను ఇంటికి తీస్కపోదాం."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ నా బిడ్డ మీద. దాన్ని దగ్గరకు లాక్కుని అరచేత్తో నోరు మూశాను. "ఊకోవే. నువ్వు పలికినందుకే గిట్లయింది. ఊకో."

అది తల అడ్డంగా ఊపింది. నా చేతి కింద దాని పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. దవడ కదలడం లేదు.

టక్.

చేయి తీసేశాను.

"నేను కాదు," అంది కాశమ్మ. "నాయిన. ఇందాకటిసంది నాయినే."

ఎవరికీ అర్థం కాలేదు. "బల్లి ఉన్నదేమో బిడ్డా రాళ్లల్ల," అన్నాడు అంజిలయ్య. కాశమ్మ ఆ మాట వినిపించుకోలేదు. పాకుతూ కుప్ప ఎక్కింది. నేను దాని కాలు పట్టుకుని వెనకాలే ఉన్నాను. ఒక సందులో మొహం పెట్టి టక్కుమంది. "ఈడ బండ." పక్కకు జరిగింది. టక్. "ఈడ మన్ను, ఏం వస్తలేదు." ఇంకొంచెం కిందికి పోయి, రెండు పెద్ద బండలు ఒకదానికొకటి ఆనుకున్నచోట నోరు పెట్టింది. టక్. చాలాసేపు ఆగింది. మళ్లీ టక్. "ఈడ అర్ర ఉన్నది. ఎనుక ఖాళీ."

అంజిలయ్య వచ్చి అక్కడ బండను గడ్డపార మొనతో కొట్టి చూశాడు. రాయి ఎట్లా మోగితే ఎట్లా ఉంటుందో గని పనివాళ్లకు తెలియంది కాదు. ఇంకోచోట కొట్టి, మళ్లీ అక్కడే కొట్టాడు. అతని మొహం మారింది. చేయి ఊపి మొగవాళ్లను పిలిచాడు.

బండలు ఒక్కొక్కటే దొర్లిస్తున్నారు. లోపలినుంచి అప్పుడప్పుడు టక్కుమని వస్తోంది. వచ్చినప్పుడల్లా కాశమ్మ తిరిగి టక్కుమనేది. నేను ఎన్నో దేవుళ్లకు మొక్కుతున్నాను. ఆ తరువాత చప్పుడు ఆగిపోయింది. కాశమ్మ కొట్టింది. మళ్లీ కొట్టింది. దానికి జవాబు రాలేదు. గడ్డపారలు ఆపమని చెప్పి చెవి పెట్టింది. ఎంతో సేపటికి లోపలినుంచి ఒక చప్పుడు వచ్చింది, తడిగా, బురదలోంచి కాలు తీసినట్టు. మొగవాళ్లు సంతోషపడి గట్టిగా గడ్డపార వేశారు.

"ఉన్నడు, ఉన్నడు," అన్నాను నేను.

"అది యోబు మామది," అంది కాశమ్మ.

"మీ నాయినది?"

అది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మొదట యోబును తీశారు. ఒక కాలు నుజ్జయింది, నోటినిండా మట్టి, కండ్లు తెరవలేదు. బండిలో వేసి దవాఖానకు తోలారు. బీరయ్యను తీసేసరికి పొద్దు వాలింది. ఛాతీ మీద బండ ఉంది. అంజిలయ్య ఆయన మెడ మీద చేయి పెట్టి చూసి, నన్ను ఓదార్చడానికో ఏమో, "ఒళ్లు ఇంక వెచ్చగనే ఉన్నది వదినె," అన్నాడు. ఆ మాట అతను అనకుండా ఉంటే బాగుండేది. కాశమ్మ పక్కనే ఉంది.

ఇంటికి వచ్చాక అది ఒక్క మాట అంది. "నేను ఊకుంటె నాయిన సప్పుడు జల్ది వినపడేది."

అంతే. ఆ తరువాత నోరు తెరవలేదు. మాటా లేదు, టక్కుమనడమూ లేదు.

దినాలు అయ్యాక మా అన్న వచ్చి మమ్మల్ని వికారాబాదు తీసుకుపోయాడు. ఊరి బయట, చేను పక్కన ఇల్లు. ఇన్నేండ్లు నేను మానమన్నది నా బిడ్డ మానేసింది. మానేస్తే ఎట్లా ఉంటుందో దవాఖానలో ఒకసారి చూశాను కదా, ఇప్పుడు రోజూ చూశాను. గడపకు తట్టుకుని పడేది. పశువుల కొట్టంలో గుంజకు నుదురు కొట్టుకుంది. పొయ్యిలో చేయి పెట్టి కాల్చుకుంది. దాని మోకాళ్లకు పసుపు పెడుతూ, "ఒక్కసారి కొట్టుకోవే, నీకు దండం పెడ్త," అని బతిమాలాను. అది నా మొహం వైపు కాకుండా నా భుజం వైపు తిరిగి ఊరికే కూర్చునేది. మా ఇంటికి కొంచెం అవతల మోటబాయి ఉంది. ఒడ్డుకు గోడ లేదు. అనంతయ్యతో కంప వేయించాను. గాలికి అది పోతుందేమోనని పొద్దున లేవగానే పోయి చూసుకునేదాన్ని. బిడ్డను ఇంట్లో కట్టేసినా బాగుండునని కూడా అనిపించింది.

చలికాలం మొదలైనాక యోబు వచ్చాడు. రైలు దిగి, స్టేషన్ నుంచి కర్ర ఊతంతో నడిచి వచ్చాడు. ఒక కాలు మోకాలి దగ్గరికే ఉంది. అరుగు మీద కూర్చుని చాలాసేపు నీళ్లు తాగాడు. కాశమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"బిడ్డా, నీకు ఒక మాట చెప్దామని వచ్చిన," అన్నాడు. "మీ నాయిన గప్పుడే పోయిండు. బండ పడ్డప్పుడే. ఏం నొప్పి తెల్వలేదు ఆయనకు. సప్పుడు చేసింది నేనే. నోట్ల మన్నున్నది, కూత రాలేదు. నువ్వు బువ్వ తెచ్చే యాల్ల అయింది గద అని నాలిక కొట్టిన. మొదటిసంది అన్ని నాయే."

చెబుతూ అతను నన్ను చూడలేదు. తన కర్రను చూసుకున్నాడు.

"నీ పుణ్యమే నేనున్నది," అన్నాడు.

అతను చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. కాశమ్మకు నాకన్నా ముందే తెలుసు. బర్రె కాలు చప్పుడు ఏదో, తండ్రి చప్పుడు ఏదో దానికి ఎవరూ చెప్పే పని లేదు. అది అట్లాగే కూర్చుంది. యోబు కాసేపు చూసి లేచాడు. నేను దారిదాకా పోయాను.

"నిజం చెప్పు అన్నా. ఎంతసేపున్నడు?"

యోబు కర్రను నేలలో గుచ్చి నిలబడ్డాడు. "నన్ను ఒర్లకుమన్నడు, చెల్లె. మన్ను మింగుతవు, నాలిక కొట్టు, మా బిడ్డ వింటది అన్నడు. ముందు ఆయనే కొట్టిండు. ఇగ చాతగాక నన్ను కొట్టుమన్నడు." మెల్లగా స్టేషన్ వైపు పోయాడు.

మరునాడు పొద్దున మంచు దట్టంగా కమ్మింది. చలికి బీరయ్య గొంగడి కప్పుకుని కొట్టంలో పేడ ఎత్తుతున్నాను. ఇంట్లోకి వచ్చి చూస్తే కాశమ్మ లేదు. గోడకు ఆనుకునే చోట చాప ఖాళీగా ఉంది. తలుపు తీసి ఉంది.

పిలవబోయి నోరు మూసుకున్నాను. చేనులో, మంచులో, దాని ఆకారం పోతోంది. చేతులు ముందుకు చాచి లేదు. కిందికి వదిలేసి ఉంది. అది పోతున్నది బాయి వైపు. కంప గాలికి ఎప్పుడు పోయిందో, ఆ పక్క ఏమీ లేదు.

నేను గట్టు మీద అడ్డం పడి పరుగెత్తి దానికంటే ముందు చేరాను. దాని ఎదుట నిలబడ్డాను. నా వెనకాలే బాయి. చేయి చాపితే దానికి అందను, ఇంకా కొంచెం దూరం ఉంది. బాయి ఉన్నదని చెప్పలేదు. చెబితే ఆగుతుందో, అది తెలిసే వచ్చిందో నాకు తెలియదు. పట్టుకుందామని ఉరికితే బెదిరి ఎటు దూకుతుందో తెలియదు. నేను ఆలోచిస్తుండగానే ఇంకొక అడుగు వేసింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. కాలి కింద గడ్డి మంచుకు జారుతోంది.

ఏమనాలో తెలియక, ఆయన అడిగేదే అడిగాను.

"ముంగట ఏమున్నదే?"

కాశమ్మ ఆగింది.

దూరంగా రైలు కూత వినబడి ఆగిపోయింది. మంచులో ఏదో పిట్ట అరిచింది. నా గుండె చప్పుడు దానికి వినబడుతోందేమో అనిపించింది. నేను మళ్లీ అడగలేదు. కండ్లలో నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నా తుడుచుకోలేదు, చేయి కదిపితే ఏమవుతుందోనని. ఎంతసేపు నిలబడ్డామో. దాని పాదాలు మంచుకు నీలం పట్టాయి.

తల కొంచెం పక్కకు వంచింది.

టక్.

ఆగింది. ఇంకొంచెం వంచింది.

టక్.

"నాయిన గొంగడి," అంది. ఎన్నో నెలలు వాడని గొంతు, బొంగురుగా వచ్చింది. "అండ్ల నువ్వున్నవు. నీ ఎనుక ఏం లేదు."

చేయి చాపింది.

"ఎనుకకు జరగకమ్మా. ఇటు రా."